తెలిసిన బాధ, తెలియని సుఖము
(పెద్దారవీడులో పంచాయతీ సభ్యుల సమావేశమున ప్రచారశాఖాధికారి చేసిన ప్రసంగ పాఠము)



నేడు నేను మాటలాడవలసిన విషయము వినుటకు కొంత వేదాంతమువలె నుండును. మనస్సునకు బాధ కలిగించు జ్ఞానము మేలా, లేక నిశ్చింతగా నుంచు అజ్ఞానము మేలా? ఇట్టి ప్రశ్నలు పండితులు తీరికవేళ చర్చించుకొనదగినవి గాని, వీధిదీపములు, మురుగుకాలువలు, ఇంటిపన్నులు చూచుకొను పంచాయతీ సభ్యులకు వీటితో నేమి పని యని మీకు తోచవచ్చును. కాని ఆలోచించి చూడుడు. గ్రామమునకు సంబంధించిన అప్రియమైన సత్యమును తెలిసికొనవలెనా, వలదా, తెలిసినదానిని పదిమందికి చెప్పవలెనా, వలదా యని నిర్ణయించువారు మీరే. ఈ ప్రశ్న పండితులకంటె మీకే ఎక్కువ అవసరము.

ప్రభుత్వ ప్రచారశాఖ యనగా శుభవార్తలు చెప్పు శాఖ యని కొందరి అభిప్రాయము. రోడ్డు వచ్చినది, బడి వచ్చినది, దీపము వచ్చినది అని చెప్పుట మాకును సంతోషకరమైన పనియే. అయినను శుభవార్త మాత్రమే చెప్పు మనిషి మాటకు కొంతకాలమునకు విలువ తగ్గును. అందుచేత నేడు శుభవార్త కాని యొక విషయమునే ఉదాహరణముగా గ్రహించి మాటలాడుదును. అది మన సీమలోని త్రాగునీరు.

ఎనుబది యేండ్లకు పూర్వమే తెలిసిన సంగతి

మార్కాపురము, గిద్దలూరు, కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతములలో అనేక గ్రామముల భూగర్భజలములో ఫ్లోరైడు అను లవణము ఉండవలసిన మితికి మించి యున్నది. ఇది క్రొత్తగా కనుగొన్న విషయము కాదు. 1937లో, మద్రాసు రాజధానిలో నెల్లూరు జిల్లా కిందనున్న పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతముల ప్రజలను షార్ట్, పండిట్, రాఘవాచారి అను శాస్త్రజ్ఞులు పరీక్షించిరి. వెన్నెముక కొయ్యవలె బిగిసి, మెడ త్రిప్పలేక, కీళ్లు వంగక బాధపడువారిని వారు చూచిరి. ఆ బాధకు మూలము త్రాగునీటిలోని ఫ్లోరైడే యని తేల్చి, వైద్యపత్రికలో ప్రకటించిరి. మనదేశమున మనుష్యులకు నీటివలన ఎముకలకు వచ్చు ఈ వ్యాధిని శాస్త్రీయముగా మొదట గుర్తించినది మన పొరుగుననే. ఆ మువ్వురిలో డాక్టరు సి. జి. పండిట్ గారు తరువాత భారత వైద్య పరిశోధన మండలికి తొలి డైరెక్టరైరి.

అప్పటికి పెద్దారవీడు కర్నూలు జిల్లాలోనిది. 1970లో ఒంగోలు కేంద్రముగా క్రొత్త జిల్లా ఏర్పడినపుడు నెల్లూరునుండి కనిగిరి, పొదిలి ప్రాంతములు, కర్నూలునుండి మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములు ఒకే జిల్లాలోనికి వచ్చినవి. జిల్లాల హద్దులు మారినవి గాని, నేల క్రింది రాతికి హద్దులు లేవు, అది మారలేదు.

1937 నాటి జ్ఞానము పుస్తకములో నున్నది. ప్రయోగశాలలలో నున్నది. కార్యాలయముల ఫైళ్లలో నున్నది. కాని చేతిపంపు వద్ద బిందె నింపుకొను తల్లికి, ఈ పంపు నీటిలో ఫ్లోరైడు ఎంత యున్నదో తెలియునా? తెలియనంతవరకు ఆ జ్ఞానము ఆమె పాలిట లేనట్లే. జ్ఞానము పుట్టుట ఒకటి, అది గ్రామమునకు చేరుట మరియొకటి. ఆ రెండింటి నడుమ నున్న దూరమును తగ్గించుటయే మీ పనియును, మా పనియును.

నాలుక చెప్పలేని దోషము

ఫ్లోరైడు ఎవరో తెచ్చి కలిపినది కాదు. నేలలోని కొన్ని రాళ్లయందు, ఖనిజములయందు అది సహజముగా నుండును. నీరు ఆ రాతిలో ఎంత ఎక్కువ కాలము నిలిచియుండిన అంత ఎక్కువగా అది కరగును. నీటిలో సున్నపు గుణము తక్కువై, క్షారగుణము ఎక్కువైనచో మరింత కరగును. వానలు తక్కువగా కురియు మెట్టసీమలో భూగర్భజలము చాలకాలము కదలక రాతిలోనే యుండును గనుక దోషము పెరుగును.

ఈ దోషమును కన్ను చూడలేదు, ముక్కు పసికట్టలేదు, నాలుక గుర్తించలేదు. ఉప్పునీటిని మనము ఉమ్మివేయుదుము. బురదనీటిని వడగట్టుదుము. కాని ఫ్లోరైడు నీరు తేటగా నుండును, రుచిగా కూడ నుండవచ్చును. గుడ్డతో వడగట్టిన పోదు. బ్లీచింగు పొడి వేసిన పోదు. కాచిన పోదు సరికదా, నీరు ఆవిరియై తగ్గినకొలది మిగిలిన నీటిలో దాని పాలు పెరుగును. కాచి చల్లార్చిన నీరు కలరా, విషజ్వరములనుండి కాపాడును, నిజమే. ఫ్లోరైడునుండి కాపాడదు.

భారత ప్రమాణముల సంస్థవారు త్రాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రామువరకు ఫ్లోరైడు ఉండవచ్చుననియు, వేరు నీటి వసతి లేనిచో 1.5 మిల్లీగ్రాములవరకు సహించవచ్చుననియు నిర్ణయించినారు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి మితియు 1.5 మిల్లీగ్రాములే. కొద్దిపాటి ఫ్లోరైడు దంతములకు మేలు చేయును గాని, మితి మీరినపుడు మొదట దెబ్బతినునవియు ఆ దంతములే. సుమారు ఎనిమిదేండ్ల వయస్సులోపల, దంతముల పైపూత ఏర్పడుచున్న కాలమున, మితిమీరిన ఫ్లోరైడు లోనికి పోయినచో పండ్లపై సుద్దవంటి మచ్చలు, పసుపు, గోధుమరంగు చారలు ఏర్పడును. తోమిన పోవు. ఇంకను ఎక్కువ మోతాదులో ఏండ్ల తరబడి త్రాగినవారికి కీళ్ల నొప్పులు, నడుము పట్టివేత, వెన్ను వంగుట కలుగును. ముదిరిన యెముకల వ్యాధిని పూర్తిగా నయము చేయు మందు లేదు. రాకుండ చూచుకొనుటయే వైద్యము.

ఇంతవరకు చెప్పినది జ్ఞానము. వినుటకు ఇంపైనది కాదు. ఇక దీనిని తెలిసికొనక పోవుటయే మేలనువారి వాదములను వినుదము. వారిని వెక్కిరించుట నా యుద్దేశము కాదు. వారి మాటలలోను కొంత సబబు కలదు.

"తాతలు త్రాగిన నీరే కదా!"

మొదటి వాదము ఇది. మా తాతలు త్రాగిరి, తండ్రులు త్రాగిరి, బ్రతికి బట్టకట్టిరి, మాకేల ఈ భయములు అని.

తాతలు త్రాగినది చాలవరకు చెరువునీరు, వాగునీరు, లోతు తక్కువగల బావినీరు. వాననీరు చెరువులో చేరి రాతితో ఎక్కువ కాలము కలిసియుండదు గనుక అట్టి నీటిలో ఫ్లోరైడు సాధారణముగా తక్కువ. మనము గొట్టపుబావులు వేసి, అవి ఎండిన మరింత లోతునకు పోయి, తాతలెన్నడును చూడని నీటిని పైకి తెచ్చుకొంటిమి. పంపు మారలేదు గదా యని నీరు మారలేదనుకొనుట పొరపాటు. ప్రక్కప్రక్కనున్న రెండు బోర్లలో సైతము ఫ్లోరైడు వేరువేరుగా నుండుట కద్దు.

అసలు మనము గొట్టపుబావుల వైపు మరలుటకును ఒక బాధాకరమైన జ్ఞానమే కారణము. పూర్వము దిగుడుబావులలోనికి దిగి నీరు ముంచుకొను గ్రామములలో నారికురుపు అను వ్యాధి మనుష్యులను నెలల తరబడి మంచమున పడవేసెడిది. అది నీటిలోని చిన్నపురుగు ద్వారా వచ్చునని, దిగుడుబావి మానవలెనని, నీరు వడగట్టవలెనని చెప్పినపుడును తాతల మాట వచ్చినది. అయినను ప్రజలు విని అలవాటు మార్చుకొనిరి. 1996 తరువాత మనదేశమున నారికురుపు కేసు లేదు. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థవారు భారతదేశము ఆ వ్యాధినుండి విముక్తమైనదని ధ్రువీకరించిరి. నేటి పిల్లలకు ఆ వ్యాధి పేరే తెలియదు. ఈ విధమైన తెలియమి మాత్రము నిజముగా సుఖమైనది. ముందు తరము వారు బాధపడి తెలిసికొన్నందువలననే ఈ తరమునకు తెలియవలసిన అవసరము లేకపోయినది.

చేతిపంపు మనలను నారికురుపునుండి, కలరానుండి కాపాడినది. అదే చేతిపంపు కొన్నిచోట్ల ఫ్లోరైడును తెచ్చినది. అందుచేత చేతిపంపు వేసినవారు తప్పు చేసిరనుట న్యాయము కాదు. తెలిసినకొలది దిద్దుకొనుటయే జ్ఞానము యొక్క స్వభావము. ఒకసారి తెలిసికొంటిమి గదా యని అక్కడనే ఆగినచో, నిన్నటి జ్ఞానమే నేటి అజ్ఞానమగును.

"ఊరి పేరు చెడును"

రెండవ వాదము మరింత లోతైనది. మా నీరు మంచిది కాదని పంపుకు గుర్తు పెట్టితిరేని ఊరి పేరు చెడును, ఈ ఊరికి పిల్లనిచ్చువారుండరు, ఈ ఊరి పిల్లను చేసికొనువారుండరు, పొలముల వెల పడిపోవును అని. నిజమాడిన నిష్ఠూరమని పెద్దలన్నారు. ఈ భయము కేవలము ఊహ కాదు.

బంగ్లాదేశ్‌లో ఇట్టిదే జరిగినది. చెరువునీటివలన వచ్చు రోగములు మాన్పుటకై అక్కడ లక్షలాది గొట్టపుబావులు వేసిరి. పిమ్మట వానిలో అనేకమున పాషాణము, అనగా ఆర్సెనిక్, ఉన్నదని తేలినది. 2000 మొదలు కొన్ని సంవత్సరములలో సుమారు 50 లక్షల బావులను పరీక్షించి, చెడ్డవానికి ఎరుపు, మంచివానికి ఆకుపచ్చ రంగు వేసిరి. చర్మముపై మచ్చలు వచ్చినవారిని, ముఖ్యముగా స్త్రీలను, చుట్టుపట్లవారు వెలివేసినట్లు చూచిన సంఘటనలును అక్కడ ఉన్నవి. అయితే ఆ వెలివేతకు కారణము ఎరుపు రంగు కాదు. అది అంటువ్యాధి యనుకొనుట, శాపమనుకొనుట, అనగా అజ్ఞానమే. ఎరుపురంగు చూచిన కుటుంబములు ఎన్నో ప్రక్కనున్న ఆకుపచ్చ బావికి పోయి నీరు తెచ్చుకొనసాగెను.

మన సంగతియు ఆలోచింపుడు. గుర్తు పెట్టనంత మాత్రమున పిల్లల పండ్లమీది చారలు మాయమగునా? పెండ్లిచూపులకు వచ్చినవారికి అవి కనబడవా? కారణము తెలియనిచో వారేమనుకొందురు? ఆ యింటి వంశములోనే ఏదో దోషమున్నదనుకొందురు. వంగిన నడుమును చూచి పూర్వజన్మపాపమని గొణుగుకొందురు. కారణము తెలిసినచో మాట మారును. దోషము వంశములో లేదు, నీటిలో నున్నది. నీటిని మార్చవచ్చును. ఆ యింటి పిల్ల మరియొక ఊరికి కోడలైపోయి మంచినీరు త్రాగినచో ఆమెకు పుట్టు బిడ్డల పండ్లు తెల్లగా నుండును. చూడుడు, బాధ కలిగించునన్న జ్ఞానమే ఇక్కడ ఒక కుటుంబముమీది నిందను తొలగించుచున్నది. పిల్లి కన్నులు మూసికొని పాలు త్రాగుచు తన్నెవరును చూచుట లేదనుకొన్నట్లు, మనము గుర్తు పెట్టకున్నచో లోకము చూడదనుకొనుట వట్టి భ్రమ.

"తెలిసి ఏమి చేయుదుము?"

మూడవ వాదము పేదవాని వాదము. తెలిసినను వేరు నీరు లేదు, కొనుటకు డబ్బు లేదు, ఇక తెలిసి దిగులుపడుట ఏల అని. ఈ ప్రశ్నకు సమాధానము చెప్పక, ఉపన్యాసము చెప్పి వెడలిపోవుట నాబోటివారికి తగదు. దారి చూపక భయమును మాత్రము పంచుట జ్ఞానదానము కాదు.

దారి ఎట్లు దొరకునో తెలుపు కథ యొకటి అమెరికా దేశములో జరిగినది. అక్కడ కొలరాడో రాష్ట్రములో మెక్కే అను దంతవైద్యుడు 1901లో పనిలో చేరి, ఆ ఊరివారి పండ్లపై గోధుమరంగు మచ్చలుండుట చూచెను. కారణము వెదకుచు ముప్పది యేండ్లు గడపెను. ఆ నడుమ 1923లో ఐడహో రాష్ట్రములోని ఓక్లీ అను చిన్న యూరి తల్లిదండ్రులు ఆయనతో, ఒక వేడినీటి ఊటనుండి ఊరికి గొట్టములు వేసిన తరువాతనే పిల్లల పండ్లపై మచ్చలు వచ్చుచున్నవని చెప్పిరి. మెక్కే నీటిని పరీక్షించిన నేమియు దొరకలేదు. అయినను ఆ గొట్టమును విడిచి దగ్గరనున్న మరియొక ఊటనీటిని వాడుకొనుడని ఆయన సలహా ఇచ్చెను. ఊరివారు వినిరి. కొన్ని యేండ్లలో చిన్నపిల్లలకు మచ్చలేని పండ్లు వచ్చినవి. నీటిలోనిది ఫ్లోరైడని 1931లో చర్చిల్ అను రసాయన శాస్త్రజ్ఞుడు కనిపెట్టువరకు దాని పేరే ఎవరికిని తెలియదు.

గమనింపుడు. ఓక్లీ ఊరివారికి పూర్తి జ్ఞానము లేదు. తల్లులు కన్నులు తెరచి చూచి, అనుమానించి, నిర్మొగమాటముగా చెప్పిరి. ఊరి పెద్దలు ఆ మాటను త్రోసివేయలేదు. మనకు వారికంటె ఎక్కువ తెలియును. పేరు తెలియును, మితి తెలియును, పరీక్ష తెలియును. వారు చేసినంత మనము చేయలేమా?

దారులు లేకపోలేదు. పటిక, సున్నము, బ్లీచింగు పొడి నిర్ణీతమైన పాళ్లలో కలిపి, కలియబెట్టి, తేరనిచ్చి ఫ్లోరైడును తగ్గించు పద్ధతిని నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధనా సంస్థవారు రూపొందించిరి. దానికి మన తెలుగుసీమలోని జిల్లా పేరే పెట్టి నల్గొండ పద్ధతి యన్నారు. ఆర్.ఓ. యంత్రములు నేడు అనేక గ్రామములలో నున్నవి. కొళాయి నీటి పథకములు ఉన్నవి. వాననీటిని ఇంటికప్పునుండి పట్టి దాచుకొనవచ్చును. అన్నిటికంటె సులభమైనది, ఉన్న బావులలో ఏది మంచిదో కనిపెట్టి, త్రాగుటకు, వంటకు దానినే వాడుకొనుట. ఇది దాదాపు ఖర్చు లేని పని. కాని పరీక్షించి తెలిసికొననిదే ఈ పనికి మొదలే లేదు. తెలిసి ఏమి చేయుదుమన్న ప్రశ్నకు జవాబు, తెలిసిన తరువాతనే దొరకును.

ఎవరి సుఖము, ఎవరి బాధ?

ఇప్పుడు అసలు మాటకు వచ్చుచున్నాను. ఒక మనిషి తనకు సంబంధించిన సంగతి తనకు తెలియనక్కరలేదని కోరుకొనినచో అది అతని ఇష్టమని విడిచిపెట్టవచ్చును. ముదుసలి యొకడు తన రోగము సంగతి వైద్యుని అడుగదలచుకొననిచో అతనిని నిర్బంధించి చెప్పుట మర్యాద కాదు. కాని పంచాయతీ సభ్యుని తెలియమి అట్టిది కాదు. మీరు తెలిసికొననిచో నిశ్చింత మీది, బాధ మరియొకరిది. ఎనిమిదేండ్లలోపు బిడ్డ పండ్లు ఏర్పడుచున్న కాలము ఒక్కసారి గడచినచో మరల రాదు. ఆ బిడ్డ మిమ్ములను అడుగలేదు. ఆ బిడ్డకు ఓటు లేదు. తెలియని సుఖము పెద్దలు అనుభవించుచుండ, దాని మూల్యమును చిన్నవారు తమ యెముకలతో చెల్లించుచున్నారు. ఇట్టి సుఖమునకు అమాయకత్వమను పేరు చెల్లదు.

మరియొక మాట. తెలియకుండుట గ్రామములో అందరికిని సమానముగా నుండదు. కలవారు ఎక్కడనో విని డబ్బాలనీరు తెప్పించుకొందురు. లేనివారు పంపునీరే త్రాగుదురు. అందరికిని తెలియజెప్పని జ్ఞానము కొందరికి కవచమగును, మిగిలినవారికి ఏమియు కాదు. కావున గ్రామసభలో బహిరంగముగా చెప్పుటయే ధర్మము.

ఇంతకంటెను కష్టమైన సంగతి యున్నది. పరీక్ష చేయగా ఒక వాడలోని పంపు చెడ్డదనియు, మరియొక వాడలోని పంపు మంచిదనియు తేలవచ్చును. అప్పుడు ఆ వాడవారు ఈ పంపు వద్దకు వచ్చి నీరు పట్టుకొనవచ్చునా యను ప్రశ్న పుట్టును. నీటిపరీక్ష వలదనువారిలో కొందరి మనస్సులోని అసలు కారణము ఇదియే కావచ్చును. ప్రభుత్వ ధనముతో నిర్వహింపబడు బావులు, చెరువులు కులభేదము లేక అందరివియే యని రాజ్యాంగము స్పష్టముగా చెప్పుచున్నది. అంటరానితనము నిషిద్ధము. నీటిని పరీక్షించునపుడు మన మనస్సులును పరీక్షకు వచ్చును. ఈ బాధను తప్పించుకొనుటకై ఆ బాధను పిల్లలకు అంటగట్టుట న్యాయము కాదు.

చెప్పువిధము

సత్యమును చెప్పవలెననగా గుండెలదరునట్లు చెప్పవలెనని కాదు. వెన్ను వంగిన వృద్ధుని ఎదుట నిలబడి, నీ రోగమునకు మందు లేదని ప్రకటించుట వలన ఎవరికిని మేలు లేదు. నొప్పికి ఉపశమనము కలదు, పాలు, ఆకుకూరలు, ఉసిరి, నిమ్మవంటివి ఆహారములో చేర్చుకొనుట మంచిది, నీ మనుమనికి ఈ గతి రాకుండ చూతము అని చెప్పుట వేరు. మొదటి మాటయు సత్యమే, రెండవదియు సత్యమే. రెండవది మనిషిని నిలువబెట్టును.

చేయవలసిన పనులు

1992 నాటి రాజ్యాంగ సవరణ త్రాగునీటిని పంచాయతీల విషయములలో చేర్చినది. మన పంచాయతీరాజ్ చట్టమును గ్రామమునకు త్రాగునీరు సమకూర్చు బాధ్యతను పంచాయతీపై నుంచినది. అందుచేత మీరు తలపెట్టవలసిన పనులను సంగ్రహముగా మనవి చేయుచున్నాను.

మొదటిది, గ్రామములోని ప్రతి చేతిపంపు, బోరు, కొళాయి ఆధారము, ఆర్.ఓ. యంత్రము పట్టికగా వ్రాయుడు. ఒక్కటియు విడువవలదు.

రెండవది, ఏడాదికి ఒకసారియైనను ప్రతి ఆధారమునకు రసాయన పరీక్ష, వానలకు ముందొకసారి, వెనుకొకసారి సూక్ష్మజీవుల పరీక్ష చేయింపుడు. గ్రామీణ నీటి సరఫరా శాఖవారికి ప్రయోగశాలలున్నవి. 2019లో ఆరంభమైన జల జీవన్ మిషన్ క్రింద గ్రామమునకు ఐదుగురు స్త్రీల చొప్పున నీటిపరీక్షలో శిక్షణ ఇయ్యవలెనని ఏర్పాటు. నీటిలో మందుచుక్కలు వేసి, తేలిన రంగును పటముతో సరిచూచుటయే ఆ పరీక్ష. నీరు తెచ్చువారు స్త్రీలు, పరీక్షించువారును వారే యగుట ఉచితము.

మూడవది, ఫలితమును పంచాయతీ గోడపై పెద్ద అక్షరములతో వ్రాయింపుడు. మితి మీరిన పంపుకు ఎరుపు గుర్తు పెట్టుడు. అంతటితో విడువక, స్నానమునకు, బట్టలు ఉతుకుటకు పనికివచ్చును, త్రాగుటకు, వంటకు వలదు, మంచినీరు ఫలానా చోట దొరకును అని ప్రక్కనే వ్రాయుడు. ఎరుపు గుర్తుతోపాటు దారి చూపు బాణపు గుర్తు ఉండవలెను.

నాల్గవది, అంగన్‌వాడీలో, బడిలో పిల్లలు త్రాగు నీటిని, మధ్యాహ్నభోజనము వండు నీటిని అన్నిటికంటె ముందు సరిచేయుడు. అన్నము, పప్పు తమలో ఇముడ్చుకొను నీటిని మరువరాదు. గర్భిణీస్త్రీలును, చిన్నపిల్లలును ఉన్న యిండ్లను తరువాత చూడుడు.

ఐదవది, యంత్రము పెట్టినంతనే పని ముగిసినదనుకొనవలదు. లోపలి పొర పాతబడినకొలది ఆర్.ఓ. యంత్రపు పని తగ్గును. నల్గొండ పద్ధతిలో పాళ్లు తప్పినచో ఫలితముండదు. లోనికి పోవు నీటినేగాక వెలుపలికి వచ్చు నీటినిగూడ పరీక్షింపవలెను. అమ్మకపు డబ్బాల నీటికిని ఈ నియమమే.

ఆరవది, చెరువుల పూడిక తీయించుడు, వాననీరు నిలుపుడు. కంభము చెరువు కట్టి శతాబ్దములు గడచినను, 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థవారు దానిని ప్రపంచ వారసత్వ కట్టడముగా గుర్తించిరి. వాననీటిని నేలమీద నిలిపిన పూర్వుల తెలివి మనకు పరాయిది కాదు.

వెలిగొండ వచ్చువరకు

పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు సంగతి మీరడుగుదురని నాకు తెలియును. 1996లో దానికి శంకుస్థాపన జరిగినది. శ్రీశైల జలాశయమునుండి నల్లమల కొండల గుండ కృష్ణాజలమును తెచ్చుటకు రెండు సొరంగములు తలపెట్టిరి. మొదటిదాని త్రవ్వకము 2021లోను, రెండవదానిది 2024లోను పూర్తియైనవి. సుమారు పదునైదు లక్షల మందికి త్రాగునీరిచ్చుట దాని ఉద్దేశములలో నొకటి. అది ఈ సీమ యాశ. ఆశ పెట్టుకొనుట మంచిదే.

అయితే శంకుస్థాపన నాడు పుట్టిన బిడ్డలు పెరిగి పెద్దవారై తమ బిడ్డలను ఎత్తుకొని తిరుగుచున్నారు. వారి పండ్లు కాలువకొరకు ఆగలేదు. గొప్ప పథకములు తమ కాలమునకు తాము వచ్చును. ఈ సంవత్సరము ఈ బిడ్డ ఏ నీరు త్రాగవలెననునది మాత్రము ఈ పంచాయతీ ఈ నెలలోనే నిర్ణయింపగలదు. రేపు వచ్చు నీటిని తలచుకొని నేటి నీటిని పరీక్షింపకుండుటయు ఒక విధమైన తెలియని సుఖమే.

మార్కాపురము పలకలపై అక్షరములు దిద్దినవారు దేశమంతటను ఉన్నారు. అక్షరము దిద్దునపుడు ఏ బిడ్డయును సంతోషముగా దిద్దడు. వ్రేలు నొచ్చును, ఏడ్చును, తప్పించుకొనజూచును. అయినను ఆ బాధ ఏలనని పలకను దాచిపెట్టిన తల్లి లేదు. తన బిడ్డ విషయమున ప్రతి తల్లియు బాధతోకూడిన జ్ఞానమునే కోరుకొన్నది. గ్రామము విషయమున మీరును అట్లే కోరుకొందురని నమ్ముచున్నాను.

రాబోవు గ్రామసభ కార్యక్రమ పట్టికలో మొదటి అంశముగా నీటిపరీక్షను చేర్చుడని కోరుచున్నాను.